సర్వర్‌లో చిన్న యూఎస్‌బీ.. కరెంటు పోతేనే బయటపడే ముప్పు! పెద్ద పెన్‌డ్రైవ్‌కి మార్చడం ఇలా

అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి.. ఏ ఊళ్లో చూసినా చిన్న ఆస్పత్రులు, కాలేజీలు, ఆడిటర్ ఆఫీసుల పని ఒకే ఒక్క సర్వర్ మీద నడవడం కొత్తేమీ కాదు. దానిలో వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ అనే హైపర్‌వైజర్, దానిపైన బిల్లింగ్‌కి ఒకటి, అకౌంట్స్‌కి ఒకటి చొప్పున వర్చువల్ మెషీన్లు. ఆ హైపర్‌వైజర్ ఉండేది మాత్రం చాలా చోట్ల సర్వర్ వెనకాలో, లోపలో గుచ్చిన 4 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో.

ఇంతకీ ప్రమాదం ఏంటంటే.. పాత 6.x వెర్షన్లలో ఈఎస్ఎక్స్ఐ ఒకసారి బూట్ అయ్యాక ఎక్కువగా ర్యామ్ నుంచే నడుస్తుంది. యూఎస్‌బీ చచ్చిపోయినా సర్వర్ మామూలుగానే కనిపిస్తుంది. ఏప్రిల్, మేలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఏసీ లేని గది, దుమ్ము.. ఓ రోజు కరెంటు పోయి, యూపీఎస్ కూడా ఖాళీ అవుతుంది. మళ్లీ ఆన్ చేస్తే బూట్ డివైస్ కనిపించదు. డేటా డిస్కుల్లో భద్రంగానే ఉంటుంది, కానీ బిల్లింగ్ కౌంటర్ ముందు క్యూ మాత్రం కదలదు.

2020 ఏప్రిల్‌లో వచ్చిన 7.0తో పరిస్థితి ఇంకా మారింది. పార్టిషన్ల అమరిక మార్చి, లాగ్‌లు, ఇతర డేటా కోసం ఓఎస్‌డేటా అనే పెద్ద భాగాన్ని చేర్చారు. పదే పదే రాతలు పడితే మామూలు పెన్‌డ్రైవ్ త్వరగా అరిగిపోతుంది. 7.0 అప్‌డేట్ 2 తర్వాత యూఎస్‌బీ, ఎస్‌డీ కార్డులతో నడిచే సర్వర్లు స్తంభించిపోతున్నాయని ఫిర్యాదులు కూడా వచ్చాయి. ఇప్పుడు యూఎస్‌బీకి కనీసం 8 జీబీ కావాలి, దానికి తోడు ఓఎస్‌డేటా కోసం 32 జీబీ లోకల్ డిస్క్ ఉండాలి.

కాపీ కొడితే సరిపోతుందా?

చాలామంది చేసే పని ఇదే. పాత డ్రైవ్‌ని 32 జీబీ డ్రైవ్‌లోకి ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తారు. బూట్ అవుతుంది, నిజమే. కానీ పార్టిషన్లు కూడా పాత సైజులోనే వస్తాయి. 6.x నాటి బూట్‌బ్యాంక్ 250 ఎంబీ అయితే కొత్త డ్రైవ్‌లోనూ 250 ఎంబీయే. మిగతా జాగా ఖాళీగా పడి ఉంటుంది. డ్రైవ్ కొత్తదైందే తప్ప స్థలం సమస్య తీరదు. అందుకే కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, సెట్టింగులు తిరిగి ఎక్కించడమే మేలు.

ముందుగా సర్వర్ నడుస్తుండగానే కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీయాలి. ఎస్ఎస్‌హెచ్‌లోకి వెళ్లి సింక్ కాన్ఫిగ్, తర్వాత బ్యాకప్ కాన్ఫిగ్ కమాండ్లు ఇస్తే ఒక చిన్న ఫైలు తయారవుతుంది. నెట్‌వర్క్, పాస్‌వర్డులు, లైసెన్స్ వివరాలు అందులోనే ఉంటాయి. దాన్ని అదే సర్వర్‌లో వదిలేయకుండా ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. బిల్డ్ నంబర్ కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే కొత్త డ్రైవ్‌లో అదే బిల్డ్ ఉండాలి. వేరే బిల్డ్ మీద ఈ ఫైలు ఎక్కించకూడదు. 2023 నవంబర్‌లో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక డౌన్‌లోడ్లు వాళ్ల పోర్టల్‌కి మారాయి కాబట్టి, పాత బిల్డ్ ఐఎస్ఓ చేతిలో పడ్డాకే సర్వర్ ఆపడం తెలివైన పని. టీపీఎం చిప్ వాడే సర్వర్‌లో 7.0 అప్‌డేట్ 2 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉంటే రికవరీ కీ కూడా రాసి పెట్టుకోవాలి.

ఇక్కడే జాగ్రత్త!

వర్చువల్ మెషీన్లు అన్నీ పద్ధతిగా ఆపి, సర్వర్ ఆఫ్ చేసి, పాత యూఎస్‌బీ తీయండి. కొత్తది గుచ్చి, వేరే పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఇన్‌స్టాలర్‌తో బూట్ చేయండి. ఏ డిస్కులో ఇన్‌స్టాల్ చేయాలని అడిగే తెర మీద తొందర పడితే అంతే సంగతులు. పొరపాటున డేటా డిస్క్ ఎంచుకుంటే అందులోని మెషీన్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆల్‌రెడీ డేటాస్టోర్ ఉన్న డిస్కు పక్కన చుక్క గుర్తు కనిపిస్తుంది. కంపెనీ పేరు, సైజు రెండూ చూసి యూఎస్‌బీనే ఎంచుకోవాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక తాత్కాలికంగా ఐపీ ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్ ఆన్ చేసి, మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి బ్యాకప్ ఫైలు ఎక్కించాలి. రీస్టోర్ కమాండ్ ఇవ్వగానే సర్వర్ దానంతటదే రీబూట్ అవుతుంది, కంగారు పడొద్దు. తిరిగి వచ్చాక మెయింటెనెన్స్ మోడ్ తీసేసి, మెషీన్లు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. కనిపించకపోతే డేటాస్టోర్‌లోకి వెళ్లి వాటిని మళ్లీ రిజిస్టర్ చేస్తే చాలు. లాగ్‌లు దాచే స్క్రాచ్ లొకేషన్‌ను హార్డ్‌డిస్క్ డేటాస్టోర్‌కి మారిస్తే యూఎస్‌బీ మీద భారం తగ్గుతుంది.

నిజానికి స్లాట్ ఖాళీగా ఉంటే పెద్ద పెన్‌డ్రైవ్ కంటే చిన్న ఎస్ఎస్‌డీయే నయం. యూఎస్‌బీతో మాత్రమే బూట్ చేయొద్దని 7.0 కాలం నుంచే కంపెనీ చెబుతోంది. ఆ 7 వెర్షన్‌కి సాధారణ సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 2తో ముగిసింది. పాత యూఎస్‌బీ మీద తేదీ, బిల్డ్ నంబర్ రాసి కొన్ని వారాలు బీరువాలో పెట్టండి. కొత్తది మొరాయిస్తే దాన్ని తిరిగి గుచ్చి ఆ పూట పని నడుపుకోవచ్చు.