మార్సబిట్‌లో వంతు ఎవరిది?

కెన్యా ఉత్తర కొసన ఉన్న మార్సబిట్ కౌంటీ దాదాపు 71 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ. జనం మాత్రం 2019 లెక్కల్లో 4,59,785 మందే. ఉత్తరాన ఇథియోపియా, పడమట టర్కానా సరస్సు, నడుమ ఉప్పు తేలిన చల్బి ఎడారి. ఆ ఎండల్లోనే మార్సబిట్ కొండ. ఎప్పుడో చల్లారిన ఈ అగ్నిపర్వతం మీద పొగమంచు పట్టే దట్టమైన అడవి ఉంది. అహ్మద్ అనే పెద్ద దంతాల ఏనుగు ఇక్కడే తిరిగేది. దాన్ని ఎవరూ వేటాడకుండా అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చారు. 1974లో ముసలితనంతో పోయింది.

ఇక్కడ డజనుకు పైగా తెగలు. బోరానాలకు ఆవులు, రెండిల్లేలకు, గబ్రాలకు ఒంటెలు. మేత అయిపోతే గబ్రా ఆడవాళ్లు ఇంటినే విప్పి, వంచిన కొమ్మలూ చాపలూ ఒంటె మీద కట్టేస్తారు. ఇథియోపియా నుంచి వచ్చిన బుర్జీలు కొండవాలులో సేద్యం చేస్తారు. సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఎల్ మోలోలు వెయ్యి పైచిలుకు.

బోరానాల లోతు బావుల దగ్గర కాసేపు నిలబడాలి. మనుషులు ఒకరిపైన ఒకరుగా గోడ పొడవునా నిలబడి, పాట పాడుతూ బకెట్లు పైకి అందిస్తారు. పాట లయ తప్పితే చేతులు తడబడతాయి. పైన తొట్టి నిండుతుంటే మందలు వంతు కోసం ఆగుతాయి. బావి ఒక వంశానిది. ఏ మంద ఎప్పుడు తాగాలో చెప్పడానికి ఒక పెద్దమనిషి ఉంటాడు.

వంతు కుదరనిచోట నెత్తురు పారింది. 2005 జులైలో గబ్రాల ఊరు టుర్బి మీద జరిగిన దాడిలో బడిపిల్లలతో సహా పదుల మంది చనిపోయారు. 2013లో ఎన్నికైన కౌంటీ ప్రభుత్వాలు వచ్చాక పోటీ గవర్నర్ కుర్చీకి పాకింది. రెండిల్లే, గబ్రా, బుర్జి కలిసి ‘రెగబు’ కూటమి కట్టి గెలిచారు. 2017లో బోరానా నేత గెలిచారు. సామాజిక సమీకరణాల గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

ఇప్పుడు తగువు గాలి దగ్గరికి వచ్చింది. లోయంగలాని ప్రాంతంలో 365 గాలిమరలు 310 మెగావాట్ల కరెంటు తీస్తున్నాయి. అది జాతీయ గ్రిడ్‌కు పోతుంది. ఆ మరలున్న భూమి పట్టాలు చట్టప్రకారం ఇచ్చినవి కావని 2021 అక్టోబరులో మేరు పట్టణంలోని కోర్టు తేల్చి, సరిచేసుకోవడానికి ఏడాది గడువిచ్చింది.