పట్టాల మీద వేలమంది, ఎఫ్‌ఐఆర్‌లో కొందరు

కాజీపేట జంక్షన్‌లో రైలు ఆగితే అటు ఢిల్లీకీ ఇటు చెన్నైకీ మధ్యలో హైదరాబాద్‌కూ తెలుస్తుంది. 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకలజనుల సమ్మె నాడు మా ఓరుగల్లు జనం ఆ పట్టాలెక్కి కూర్చున్నది అందుకే. నేను ఇక్కడ వకీలును. రైల్‌రోకో కేసులు కొన్ని నా బల్ల మీదికీ వచ్చాయి.

వేలమంది కూర్చున్న చోట ఎఫ్‌ఐఆర్‌లో పేర్లు కొన్నే ఉంటాయి. చివర 'మరికొందరు' అని ఒక ముక్క. పోలీస్ స్టేషన్‌కు ముందే తెలిసిన మొఖాలే ఆ కొన్ని పేర్లు: మైకు పట్టినవాడు, సంఘం రసీదు పుస్తకం మోసినవాడు, వెనకటి కేసులో ఉన్నవాడు. ఇక 'మరికొందరు' అన్న ఖాళీలో రేపు ఎవరినైనా ఇరికించవచ్చు. ఎవరి మీద కేసు అన్నది న్యాయమూర్తి దాకా పోకముందే రైటరు బల్ల దగ్గర తేలిపోతుంది.

2014 తర్వాత తెలంగాణ రాష్ట్ర సర్కారు ఉద్యమ కేసులు ఎత్తేస్తూ వచ్చింది. రైల్వే చట్టం కింద పెట్టినవి దాని చేతిలో లేవు. పట్టాల మీద కూర్చుంటే 174వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. తొమ్మిదిన్నరేళ్లు ముఖ్యమంత్రిగా చేసిన కేసీఆర్ కూడా 2011 నాటి రైల్‌రోకో కేసు మీద హైకోర్టుకు పోయి 2024 జూన్‌లో స్టే తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆయన హైకోర్టుకు పోగలరు. ఆటో నడుపుకునే నా క్లయింటుకు వాయిదా పడ్డ ప్రతిసారీ ఒక రోజు కిరాయి పోతుంది. "శిక్ష ఏస్తే ఏసిండ్రు గని, ఈ తిరుగుడు తప్పితే సాలు సార్" అంటాడు.

అదే కేసీఆర్ హయాంలో, 2017 ఫిబ్రవరి 22న, నిరుద్యోగ ర్యాలీకి ముందే కోదండరాంను తెల్లవారకముందు ఇంటి దగ్గరే అరెస్టు చేశారు. ఉద్యమంలో జేఏసీని నడిపిన మనిషి ఆయన. సర్కారు మారాక 2024 సెప్టెంబరులో కేసీఆర్ పార్టీ నాయకుడు హరీశ్‌రావు గృహనిర్బంధంలో ఉన్నారు. కుర్చీలో మనుషులు మారారు, తెల్లారుజాము జీపు మారలేదు.

రాజ్యాంగం 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కునిచ్చింది. 14వ అధికరణం అందరినీ సమానంగా చూడమంది. అయినా "వాళ్లను వదిలి నన్నే ఎందుకు?" అనే వాదన మన కోర్టుల్లో నిలవడం కష్టం. వాడు తప్పించుకుంటే నీ తప్పు ఒప్పైపోదు అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయుల లాండ్రీలకే అనుమతులు నిరాకరిస్తే, చట్టం పైకి న్యాయంగానే ఉన్నా అమలులో వివక్ష ఉందని 1886లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అక్కడైనా ఆ వివక్షను రుజువు చేయడం తేలిక కాదు.

కాబట్టి నేను వేరే దారి వెతుకుతాను. నిషేధాజ్ఞ ఉల్లంఘించారని పెట్టే కేసుకు వెనకట ఐపీసీ 188వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 223. ఆ ఆజ్ఞ ఇచ్చిన అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ, ఇప్పటి చట్టంలోనైతే ఆయన అధికారమిచ్చిన మరో అధికారి గానీ కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఉత్త పోలీసు చార్జిషీటు చాలదు. ఫైలు విప్పగానే మొదట ఆ కాగితం కోసమే చూస్తాను. చాలాసార్లు ఉండదు.