పద్దెనిమిదికి ఓటు, ఇరవై ఒకటికి వార్డు

మన లైన్లలో కుర్రాళ్లని అడగండి, ఎమ్మెల్యే పేరు టక్కున చెబుతారు. కార్పొరేటర్ ఎవరంటే తెల్లమొహం వేస్తారు. వాళ్ల తప్పేం లేదు. బెంగళూరు మహానగర పాలికెకు 2015 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. ఆ సభ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆ తర్వాత ఐదేళ్లు అధికారులే నడిపారు. 2025 సెప్టెంబరులో పాలికెను ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. 2015లో బడికి పోతున్న పిల్లలు పనుల్లో చేరారు గానీ, ఆ పదేళ్లలో వార్డుకు ఒక్క ఓటూ వేయలేదు.

కొళాయి, మోరీ, వీధి దీపం, చెత్త బండి - మన రోజువారీ కష్టాలన్నీ వార్డు పనులే. వాటిలో కుర్రవాళ్ల మాట చెల్లుతుందా అంటే, చెల్లిన ఊళ్లున్నాయి. బ్రెజిల్లోని పోర్తో అలెగ్రె నగరంలో 1989 నుంచి జనం పేట సభల్లో కూర్చుని, నగరం డబ్బుతో ఏ పని ముందు కావాలో తేల్చడం మొదలుపెట్టారు. ఒక ఊరిని చూసి ఇంకో ఊరు నేర్చుకుంది. అమెరికాలో బోస్టన్ నగరం 2014లో 10 లక్షల డాలర్లు పక్కన పెట్టి, ఎలా ఖర్చు పెట్టాలో 12 నుంచి 25 ఏళ్ల వాళ్లనే ఓటు వేసి చెప్పమంది. వాళ్లు ఎంచుకున్నవాటిలో ఆటస్థలం బాగుచేయడం, బడులకు కంప్యూటర్లు ఉన్నాయి. మనం అడిగేవీ అవే కదా!

బెంగళూరు కూడా సీ40 అనే ప్రపంచ నగరాల కూటమిలో ఉంది. ఆ దారిలోనే 2023 నవంబరులో వాతావరణ ప్రణాళిక విడుదల చేసింది. ఎండ, వరద, చెత్త, నీళ్లు అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే. అయితే ఇలాంటి పనులు ఇంగ్లీషు వచ్చినవాళ్ల మీటింగుల్లోనే తిరిగితే, వేసవిలో రేకుల కింద ఉడికిపోయే ఇంటి మాట ఎవరు చెబుతారు? మన పిల్లలే చెప్పాలి.

దానికి చట్టం దారి ఇచ్చింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. అసెంబ్లీకి నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి, కార్పొరేటర్‌గా నిలబడ్డానికి 21 చాలు.

కాబట్టి అమ్మానాన్నలకు నా మాట ఇదే. పద్దెనిమిది నిండిన పిల్లల చేత ఫారం 6 నింపించండి. మన వీధి ఏ కార్పొరేషన్లోకి, ఏ వార్డులోకి వచ్చిందో వాళ్లనే కనుక్కురమ్మనండి. మనలో చాలామందికి తెలుగు చదవడమే వచ్చు. వాళ్లు కన్నడం చదివి, రాయగలరు. అర్జీ వాళ్లు రాస్తే వెనక సంతకాలు మనం పెడదాం. వార్డు మీటింగు ఉందని తెలిసిన రోజు "నీకెందుకురా ఆ గొడవ" అనకుండా పంపండి. ఆడపిల్లల్నీ పంపండి. కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడేది ఎక్కువగా వాళ్లే.