కిలోమీటరుకు అంగుళమే!

లెక్కల పుస్తకంలోని సరళరేఖకు రెండే గుర్తులు... వాలు, అంతరఖండం. ఆ రెండూ అర్థమైతే పరీక్షలో గ్రాఫు గీసేయడమే కాదు, కొల్లేరు ఎందుకు పొంగుతుందో కూడా చెప్పేయొచ్చు!

'వై ఈజ్ ఈక్వల్ టు ఎంఎక్స్ ప్లస్ సి'... ఈ మాట వినగానే చాలామందికి గ్రాఫు కాగితం, చెక్కిన పెన్సిలు, పక్కవాడి గీతవైపు దొంగచూపులు గుర్తొస్తాయి. 'ఇదంతా ఎక్కడ పనికొస్తుంది మాస్టారూ' అని అడగని తరగతి ఉండదేమో. కైకలూరు పిల్లలు మాత్రం ఆ ప్రశ్న వేయక్కర్లేదు. జవాబు వాళ్ల ఊరి పక్కనే ఉంది... కొల్లేరు రూపంలో!

ఒకటే దారి

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లూ డెల్టా మురుగుకాలవలూ నీళ్లన్నీ తెచ్చి ఇందులోనే పోస్తాయి. ఆ నీరు సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. ఆకివీడు పక్కనుంచి మెలికలు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది.

కొల్లేటి జనం నోట తరచూ వినిపించే మాట 'ఐదో కాంటూరు'. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు అన్నమాట. అంటే 60 అంగుళాలు. నీరు ఆ మట్టంలో ఉంటే, 60 కిలోమీటర్ల దూరంలో దిగాల్సింది 60 అంగుళాలు. కిలోమీటరుకు ఒక్క అంగుళం! బొటనవేలి కణుపంత వాలు మీద అంత సరస్సూ ఖాళీ కావాలి.

రెండడుగుల్లో గ్రాఫు

దీన్నే కాగితం మీద పెడదాం. అడ్డగీత మీద కొల్లేరు నుంచి దూరం, కిలోమీటర్లలో. అది ఎక్స్. నిలువుగీత మీద నీటి ఎత్తు, అంగుళాల్లో. అది వై. సమీకరణం... వై = 60 - ఎక్స్.

మొదటి అడుగు: దూరం సున్నా దగ్గర, అంటే సరస్సు దగ్గర, ఎత్తెంత? 60. నిలువుగీత మీద 60 దగ్గర చుక్క పెట్టాలి. గీత నిలువు అక్షాన్ని తాకే ఈ చోటే అంతరఖండం. సూత్రంలో 'సి' ఇదే.

రెండో అడుగు: కుడివైపు పది జరిగితే ఎంత దిగాలి? పది. అక్కడ 50 దగ్గర ఇంకో చుక్క. ఒక్కో అడుగుకీ వచ్చే ఈ మార్పే వాలు, అంటే 'ఎం'. ఇక్కడ దిగుతోంది కాబట్టి దాని విలువ మైనస్ ఒకటి. ఎక్కుతుంటే ప్లస్ అయ్యేది.

రెండు చుక్కల్నీ స్కేలుతో కలిపి పొడిగించండి. గీత 60 కిలోమీటర్ల దగ్గర సరిగ్గా అడ్డగీతను తాకుతుంది. అదే సముద్రం! పట్టికలు వేసి విలువలు కట్టే పనే లేదు. ఎక్కడ మొదలైందో, ఎంత చొప్పున మారుతోందో తెలిస్తే చాలు. అంకెల్ని ఇలా గీతలుగా చూసే పద్ధతికి 1637లో తన జ్యామితి గ్రంథంతో బాట వేసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన రెనె డెకార్ట్.

పోటెత్తితే...

ఏటి నీరు స్కేలు పెట్టి గీసినట్టు పారదు, నిజమే. కానీ ముంపు కథ అర్థం కావడానికి ఈ గీత చాలు. సముద్రం పోటు మీద ఉండి రెండడుగులు, అంటే 24 అంగుళాలు లేచిందనుకుందాం. ఇప్పుడు 60 నుంచి 24కి దిగితే సరిపోతుంది. తేడా 36 అంగుళాలే. వాలు కిలోమీటరుకు అంగుళం నుంచి 0.6కి పడిపోయింది. ప్రవాహం మందగిస్తుంది. ఎగువ నుంచి వచ్చే వరద మాత్రం ఆగదు. మరి పాత వాలు తిరిగి రావాలంటే? కొల్లేరు కూడా 24 అంగుళాలు లేచి 84కు చేరాలి. అంటే ఏడడుగులు!

కాగితం మీద 'సి' రెండడుగులు పెరగడమంటే లంక గ్రామాల్లో గడప దాటి నీళ్లు రావడం. ఉప్పుటేరులో పూడిక, గుర్రపుడెక్క పేరుకుంటే కష్టం రెట్టింపు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరికి చేరింది కొల్లేటికే. అప్పుడు లంకవాసులు రోజుల తరబడి నీళ్ల మధ్య గడపడానికి ఈ అంగుళం వాలే ఓ పెద్ద కారణం.

వాలు లేని గీతలు

1999లో ఐదో కాంటూరు వరకూ కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. హద్దును మూడో కాంటూరుకు కుదించాలన్నది చాలా ఏళ్లుగా వినిపిస్తున్న డిమాండు. గ్రాఫులో చూస్తే ఇవి రెండు అడ్డగీతలు... వై = 60, వై = 36. రెండింటికీ వాలు సున్నా, అంతరఖండాలు వేరు. ఎప్పటికీ కలవని సమాంతర రేఖలు. వాటి మధ్య ఎత్తు రెండడుగులే. కానీ బల్లపరుపు నేల మీద ఆ రెండడుగులంటే వేల ఎకరాలు, ఎన్నో కుటుంబాల బతుకుతెరువు, ఎక్కడినుంచో ఎగిరొచ్చే పక్షుల ఆవాసం.

ఏ వ్యాను చవక?

ఇదే లెక్క ఇంట్లోనూ పనికొస్తుంది. చేపల పెట్టెలు పంపడానికి రెండు వ్యాన్లు ఉన్నాయనుకోండి. ఒకాయన కదిలితే వెయ్యి, ఆపైన కిలోమీటరుకు 20 రూపాయలంటాడు. రెండో ఆయన 1,600, ఆపైన కిలోమీటరుకు 14. బండి కదిలించే ఖర్చు అంతరఖండం, కిలోమీటరు రేటు వాలు. రెండు గీతలూ వంద కిలోమీటర్ల దగ్గర కలుస్తాయి. అక్కడ ఇద్దరికీ ఇవ్వాల్సింది 3,000. అంతకు తక్కువ దూరమైతే మొదటి బండి, ఎక్కువైతే రెండోది లాభం.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో గ్రాఫు ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చుంటే రెండే ప్రశ్నలు అడగండి. 'ఎక్కడ మొదలైంది? ఎంత చొప్పున మారుతోంది?' గీత దానంతటదే వచ్చేస్తుంది. వానాకాలంలో కొల్లేటి లంకల్లో వాళ్లు ఆకాశం చూసి, ఏరు చూసి వేసుకునే ప్రశ్నలూ అవే... నీరు ఎంతుంది, ఎంత చొప్పున పెరుగుతోంది?