జోనా లోము: 19 ఏళ్లకే జట్టులోకి.. 20 ఏళ్లకే జగత్ప్రసిద్ధి
రగ్బీ క్రీడ జీతాల బాట పట్టిన ఏడాదే వ్యాధి బయటపడింది

కోడిగుడ్డు ఆకారంలో బంతి. చెరో పక్క 15 మంది. 80 నిమిషాల ఆట. రగ్బీ యూనియన్ గురించి మన పల్లెల్లో తెలిసినవారు తక్కువే. అయితే కబడ్డీ ఎరిగినవారికి దాని సారం సులువుగానే బోధపడుతుంది. కూతకు వచ్చినవాణ్ని పట్టేసినట్టే, బంతితో దూసుకొచ్చేవాణ్ని పట్టి నేలకూల్చాలి. బంతిని చేత్తో ముందుకు విసరరాదు. పక్కకో, వెనక్కో మాత్రమే అందించాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దానిని ‘ట్రై’ అంటారు. అందుకు 5 పాయింట్లు. పట్టుకోవడానికే ప్రత్యర్థులు జంకిన ఆటగాడు ఈ క్రీడలో ఒకడున్నాడు. అతడే న్యూజిలాండ్‌కు చెందిన జోనా లోము.

టోంగా దీవుల నుంచి వలస వచ్చిన దంపతులకు 1975 మే 12న ఆక్లాండ్‌లో లోము జన్మించాడు. పసితనంలో కొన్నేళ్లు టోంగాలో బంధువుల వద్ద పెరిగాడు. తిరిగి వచ్చాక దక్షిణ ఆక్లాండ్‌లోని మాంగెరెలో ఉన్నాడు. అది ముఠా తగాదాలకు పేరుమోసిన ప్రాంతం. ఆ హింసలోనే ఒక బంధువును పోగొట్టుకున్నాడు. కొడుకు చేయిదాటిపోతాడన్న భయంతో తల్లి అతణ్ని వెస్లీ కాలేజీలో చేర్చింది. అక్కడ హైస్కూలునూ కాలేజీ అనే పిలుస్తారు. అది వసతి గృహం ఉన్న పాఠశాల. ఆట అతణ్ని పట్టుకున్నది అక్కడే.

ఎత్తు 1.96 మీటర్లు. బరువు సుమారు 120 కిలోలు. ఇంతటి దేహం ఉన్నవారిని సాధారణంగా ముందు వరుసల్లో, తోపులాటలో నిలుపుతారు. లోము కూడా పాఠశాలలో అక్కడే ఆడాడు. కానీ 100 మీటర్లను 11 సెకన్లలోపే పరుగెత్తగల కుర్రవాణ్ని తోపులాటకు పరిమితం చేయడం దండగే కదా! జాతీయ జట్టు అతణ్ని అంచున పరుగెత్తే ‘వింగ్’ స్థానానికి మార్చింది. 1994 జూన్ 26న క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్రాన్స్‌పై తొలి టెస్టు ఆడాడు. అప్పటికి వయసు 19 ఏళ్ల 45 రోజులు. న్యూజిలాండ్ టెస్టు జట్టులో అంతకుముందు అంత పిన్న వయస్కుడు లేడు.

ఆరంభం మాత్రం చేదుగానే సాగింది. ఫ్రాన్స్ రెండు టెస్టులూ గెలిచింది. కొత్త స్థానంలో ఎక్కడ నిలవాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో లోముకు ఇంకా పట్టుబడలేదు. జట్టులో చోటు పోయింది. ప్రపంచ కప్‌కు ముందు జరిగిన శిబిరాల్లో దూరపు పరుగులకు ఆయాసపడ్డాడు. అతని దేహ దారుఢ్యంపై శిక్షకులకు నమ్మకం కుదరలేదు. ఎంపిక చివరి వరకూ డోలాయమానంగానే ఉంది.

ఆ నాలుగు ట్రైలు

1995లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్ అన్నింటినీ మార్చివేసింది. జూన్ 18న కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్‌తో సెమీఫైనల్. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే బంతి లోము చేతికి చిక్కింది. ఎదురుగా నిలిచిన టోనీ అండర్‌వుడ్‌ను దాటాడు. వెనుక నుంచి కెప్టెన్ విల్ కార్లింగ్ చేయి తగిలి తూలాడు. తూలుతూనే, చివరగా అడ్డు నిలిచిన మైక్ క్యాట్‌ను తొక్కుకుంటూ గీత దాటాడు. ఆ రోజు మొత్తం 4 ట్రైలు. న్యూజిలాండ్ 45-29తో గెలిచింది. అయితే జూన్ 24న జరిగిన ఫైనల్‌లో దక్షిణాఫ్రికా అతణ్ని కట్టడి చేసి, అదనపు సమయంలో 15-12తో కప్పు ఎగరేసుకుపోయింది. లోము ఆ టోర్నీలో 7 ట్రైలు చేశాడు.

అప్పటిదాకా రగ్బీ యూనియన్‌లో ఆడినందుకు జీతం పుచ్చుకోరాదన్నది నియమం. పని మానుకుని ఆడే కార్మికులకు కూలి నష్టం చెల్లించాలా వద్దా అన్న వివాదంపైనే 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు విడిపోయాయి. అదే తర్వాత ‘రగ్బీ లీగ్’ అయింది. సరిగ్గా వందేళ్లకు, 1995 ఆగస్టులో, యూనియన్ సైతం జీతాలకు తలుపులు తెరిచింది. టెలివిజన్ ప్రసార హక్కుల సొమ్ము ఈ మార్పును తప్పనిసరి చేసింది. లీగ్ క్లబ్బులు పెద్ద మొత్తాలు చూపినా లోము యూనియన్‌లోనే ఉండిపోయాడు. కొత్త శకానికి అతని ముఖమే ప్రచారచిత్రమైంది.

రక్తపరీక్షల నడుమ ఆట

సరిగ్గా ఆ ఏడాది చివరలోనే నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్నట్టు వైద్యులు గుర్తించారు. ఇది మూత్రపిండాల్లోని వడపోత దెబ్బతినే వ్యాధి. రక్తంలో ఉండవలసిన మాంసకృత్తులు మూత్రం ద్వారా పోతాయి. కాళ్లు, ముఖం వాస్తాయి. మనిషి త్వరగా అలసిపోతాడు. శిబిరాల నాటి ఆయాసంలో దీని పాలెంతో ఎవరు తేల్చగలరు? బద్ధకమని పెదవి విరిచినవారు మాత్రం ఆలోచనలో పడవలసిందే. 1996లో జీతాలతో మొదలైన సూపర్ 12 పోటీలో తొలి కప్పు అతడాడిన ఆక్లాండ్ బ్లూస్‌దే. మరుసటి ఏడాది చికిత్స కోసం చాలాకాలం మైదానానికి దూరమయ్యాడు.

తిరిగి వచ్చి 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో ఏడుగురి రగ్బీలో స్వర్ణం, 1999 ప్రపంచ కప్‌లో 8 ట్రైలు సాధించాడు. అప్పటికి వయసు 24. 2004లో ఒక మిత్రుడిచ్చిన మూత్రపిండాన్ని అమర్చారు. 2015 నవంబరు 18న, 40 ఏళ్లకు కన్నుమూశాడు. మొత్తం 63 టెస్టుల్లో 37 ట్రైలు అతని ఖాతాలో ఉన్నాయి. దక్షిణాఫ్రికాపై టెస్టుల్లో మాత్రం ఒక్కటీ లేదు.