మల్లె పెంపకము - తెగుళ్ళ నివారణ

వేసవి వచ్చినదని తెలుసుకొనుటకు మన ఊళ్ళలో పంచాంగము చూడనక్కరలేదు. సాయంకాలము వీధిలోనికి మల్లెపూల బుట్ట వచ్చిన చాలును. తెలుగువారు మల్లె అను పూవునే ఉర్దూ మాటలాడువారు మోగ్రా అందురు. మన జాజి వారికి చమేలీ. 1753లో లిన్నేయస్ మల్లెకు పెట్టిన శాస్త్రీయ నామములోని ‘సాంబాక్’ అను మాట అరబ్బీ ‘జంబఖ్’ నుండి వచ్చినది. పేర్లు వేరైనను పరిమళ మొక్కటే. ఇంత ప్రీతిపాత్రమైన మొక్క అనేక గృహములలో ఆకులు పసుపెక్కి, మొగ్గలు రాలి, రెండు మూడేండ్లకే క్షీణించుట చూచుచున్నాము. దీనికి కారణము చాలవరకు మొక్క స్వభావమును మనము గ్రహింపకపోవుటయే.

మల్లెను సాధారణముగా గింజలతో గాక కొమ్మ కత్తిరింపులతోను, అంట్లతోను వృద్ధి చేయుదురు. తొలకరి తరువాత మూడు నాలుగు కణుపులు గల కొమ్మలను నాటినచో సులభముగా వేళ్ళూనును. పగలంతయు ఎండ తగులు చోటు, నీరు నిలువని నేల దీనికి ముఖ్యము. నీడలో పెరిగిన మొక్క పచ్చగా కనుపించును గాని పూయదు. అడుగున్నర లోతు గోతిలో పది కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి, మొక్కకు మొక్కకు నాలుగడుగుల ఎడముంచి నాటవలెను.

పూలు క్రొత్త చిగుళ్ళ యందే పుట్టును. ఈ ఒక్క సత్యము తెలిసినచో కత్తిరింపు ఎందులకో బోధపడును. నవంబరు మాసాంతమున కొన్ని దినములు నీరు కట్టుట మాని, నేలకు అడుగున్నర ఎత్తున కొమ్మలను కత్తిరించి, ఎండు పుల్లలను, తెగులు సోకిన కొమ్మలను తీసివేయవలెను. పిదప ఎరువు వేసి నీరిచ్చినచో క్రొత్త చిగుళ్ళు వచ్చి వేసవికి విరగబూయును. జాలిపడి కత్తెర వేయనివాడు మొక్కకు మేలు చేసినవాడు కాడు.

ఇక ఆకులు పసుపెక్కుట. అది కనుపించగానే నీరు చాలలేదని తలచి మరింత పోయుదురు. అన్ని పసుపులకు మందు నీరు కాదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రము పచ్చగా నిలిచినచో అది ఇనుపధాతు లోపము. సున్నపు నేలలలో ఇనుము ఉన్నను వేళ్ళు దానిని గ్రహింపలేవు. నీరు నిలిచినచో ఈ బాధ హెచ్చును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారమునకొకసారి రెండు మూడు పర్యాయములు ఆకులపై చల్లినచో పచ్చదనము తిరిగి వచ్చును. ముదురు ఆకులే ముందుగా పసుపెక్కినచో అది నత్రజని లోపమును సూచించును. నేల తడిగా నుండగనే మొక్క వాడినచో వేళ్ళు కుళ్ళుచున్నవని గ్రహింపవలెను. వేళ్ళపై చిన్న బుడిపెలున్నచో అది నులిపురుగుల పని. వేపపిండి వేయుట, మొక్కల మధ్య బంతి నాటుట మేలు.

మొగ్గలకు శత్రువులు ముఖ్యముగా రెండు. మొగ్గతొలుచు పురుగు మొగ్గకు రంధ్రము చేసి లోపలి భాగమును తినివేయును. మొగ్గ ఈగ పిల్లపురుగులు ఆశించినచో మొగ్గ ఊదారంగుకు తిరిగి, వికసింపకయే ఎండిపోవును. ఈ ఈగ మట్టిలో కోశస్థ దశను గడుపును. కావున చెడిన మొగ్గలను ఏరి దూరముగా నాశనము చేసి, మొదట మట్టిని తిరుగవేయుటయే మొదటి చికిత్స. అప్పటికిని తగ్గనిచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడితో తీసిన కషాయమును చల్లవచ్చును. ఎండలు ముదిరినపుడు ఆకుల అడుగున చేరు ఎర్రనల్లికి, అడుగుభాగము తడియునట్లు నీటితో కడుగుట, తప్పనిసరియైనచో లీటరుకు 3 గ్రాముల నీటిలో కరుగు గంధకమును చల్లుట ఉపాయములు.

ఘాటైన విషపు మందులను చల్లుట సులభమే. కాని మల్లె వంకాయవలె కడిగి వండుకొను వస్తువు కాదు. ఉదయము కోసిన మొగ్గ కడుగకయే మాలయై సాయంకాలమునకు తల్లి జడలో చేరును. ఆమె ఒడిలోని శిశువు దానిని నోట పెట్టుకొనును. తెల్లవారకముందే తోటలలో మొగ్గలు కోయు కూలి స్త్రీల చేతులకు, శ్వాసకు ఆ విషము ముందుగా సోకును. వ్యాధి ఏదియో గుర్తింపక మందు చల్లువాడు తనకు తెలియకయే ఇందరికి హాని చేయుచున్నాడు.

కావున విద్యార్థి సోదర సోదరీమణులారా, మొక్క వాడినచో సీసా వైపు చేయి చాచకముందు ఆకును త్రిప్పి చూడుడు, మొగ్గను విప్పి చూడుడు, వేరు వద్ద మట్టిని త్రవ్వి చూడుడు. మనము పుస్తకములలో చదువుకొను శాస్త్రమునకు ఒక మల్లెపొదను మించిన ప్రయోగశాల అక్కరలేదు. కళాశాల ఆవరణలో ఎండ పడు మూల నొకదానిని చూచి నాలుగు మల్లె అంట్లు నాటుటకు కార్యవర్గమువారు అనుమతించినచో, వాని పోషణభారము వహించుటకు విద్యార్థులు వెనుదీయరని మా విశ్వాసము.