పట్టణయాత్రకు దినవ్యయ నిర్ణయము



పంట యమ్మి సొమ్ము చేతికి వచ్చినంతనే హైదరాబాదు చూచి రావలెనని మనలో ననేకులకు కోరిక పుట్టుచుండును. కోరిక తప్పు కాదు. లెక్క లేక బయలుదేరుటయే తప్పు. ప్రత్తి యమ్మిన సొమ్ముతో సకుటుంబముగా బోయిన రైతు వట్టిచేతులతో దిరిగివచ్చి, తొలకరి వాన కురియగనే విత్తనములకై అప్పు వెదకుకొనుట మనము చూడని సంగతి కాదు. అతడు పట్టణమున వ్యయపఱచినది వినోదపు సొమ్ము కాదు, విత్తనపు సొమ్ము.

కావున విత్తనములకును, ఎరువులకును, సంఘమునకు జెల్లింపవలసిన వాయిదాకును గావలసినది మొదట వేఱుచేసి ఖాతాలో నుంచవలెను. మిగిలినదియే యాత్రాధనము.

దంపతులిద్దరు మూడు దినములకై 6,000 రూపాయలతో బయలుదేరిరనుకొందము. రాకపోకల చార్జీలు 1,200 అయినచో, అందు తిరుగు ప్రయాణపు 600 ప్రత్యేకముగా మూటగట్టి, మరల బండి యెక్కువఱకు ముట్టరాదు. మిగిలిన 4,800లో 1,200 ఆపద్ధనము. శేషించిన 3,600 మూడు దినములకు బంచగా దినమునకు 1,200 వచ్చును. ఇందు గదికి 600, భోజన ఫలహారములకు 350, తిరుగుటకు 150, ప్రవేశపు టిక్కెట్లకు 100. ఈ యంకెలు ఉదాహరణమునకే. వెలలు వీథినిబట్టి, కాలమునుబట్టి మాఱును. కాని విభజించు క్రమము మాఱరాదు.

గది పుచ్చుకొనునప్పుడు అద్దె 24 గంటల లెక్కయో, మధ్యాహ్నము 12 గంటల లెక్కయో ముందే యడుగవలెను. అద్దె తక్కువ యని దూరమున దిగినచో ఆ లాభము ఆటో బాడుగకే సరిపోవును.

ఒక దిక్కున నున్నవానిని ఒకనాడే చూడవలెను. 1591లో గట్టిన చార్మినారును, సాలార్‌జంగు మ్యూజియమును మూసీకి దక్షిణముననే యున్నవి, నడచియే చూడవచ్చును. మ్యూజియమునకు శుక్రవారము సెలవు. జంతుప్రదర్శనశాలకు సోమవారము సెలవు. ఇది యెఱుగక పోయినచో నాటి చార్జీలు వృథా. గోలకొండ పడమట దూరముగా నున్నది గాన దానికి వేఱొక దినము కేటాయింపవలెను. చార్మినారు, గోలకొండలలో 15 ఏండ్లలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. 2023 డిసెంబరు 9వ తేదీన ప్రారంభమైన పథకము ననుసరించి తెలంగాణ స్త్రీలు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో నుచితముగా బోవచ్చును. గుర్తింపు పత్రము వెంట నుండవలెను.

ఇప్పుడు చెల్లింపులు ఫోనుతోనే సాగుచున్నవి. నోటు చేయి దాటునప్పుడు కలుగు సంకోచము ఫోను నొక్కునప్పుడు కలుగదు. అందుచేత ప్రతిరాత్రి పరుండుటకు ముందు నాటి ఖర్చు చిన్నపుస్తకమున వ్రాయుడు. నేడు నూఱు మించినచో ఱేపటి లెక్క 1,100 మాత్రమే. మిగిలినచో అది ఆపద్ధనమున జేరవలెను గాని బజారున బోరాదు.

మడిమడికి గండి తీసి, నిండగనే మూసి, నీరు పాఱించు రైతునకు ఈ లెక్క క్రొత్తది కాదు. మొదటి మడియే నీరంతయు ద్రావినచో చివరి మడి యెండును. సొమ్మును నట్లే పాఱింపుడు. పట్టణము చూచి సంతోషముతో రండు. తొలకరినాడు మీ విత్తనము మీ యింటనే యుండును.